గోల్ ముందు నిలబడ్డ సిస్టరమ్మ

మియాపూర్ మార్కెట్లో చింతచిగురు బేరం చేస్తుండగా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, సిస్టరమ్మ పోయింది" అన్నాడు. నేను బేరం ఆపేయడం చూసి సరేనన్నాననుకుందేమో, అమ్మే ఆవిడ చిగురు తూచి సంచిలో పోసింది. ఆ సంచి పట్టుకునే ఆటో ఎక్కాను.

నిద్రలోనే వెళ్ళిపోయిందట. పొద్దున కాఫీ ఇవ్వబోయిన ఆమె చెల్లెలి కూతురు చూసి అందరికీ చెప్పింది. కూకట్‌పల్లిలోనో, ఆ చుట్టుపక్కలో పుట్టినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, ఈ లోకంలో మిమ్మల్ని మొదట ఎత్తుకున్న చేతులు ఆమెవే అయి ఉండవచ్చు. అందుకే ఈ నాలుగు మాటలు మీతో చెప్పుకోవాలనిపించింది.

ఆమె సర్కారు దవాఖానలో నర్సు. కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగం మీద వచ్చి, పాత కూకట్‌పల్లిలో మా ఇంటి పక్క వాటాలో కిరాయికి దిగింది. అప్పటికి నాకు ఊహ తెలియదు. అమ్మ చెప్పేది. వచ్చిన కొత్తలో అమ్మ నన్ను చూపించి "ఈ పోరి శాన పరేషాన్ చేస్తుందక్కా" అంటే, సతాయించడాన్ని అలా అంటారని తెలియక, పరేషాన్ అనేది ఏదో జబ్బనుకుని ఆమె నా నాలుక చాపించి, కళ్ళు లాగి చూసిందట. "జ్వరమైతే లేదమ్మాయ్. ఎన్నాళ్ళ నుంచి ఉంది?" అని కూడా అడిగిందట. ఆ మాట తలచుకుని ఇద్దరూ ముసలివాళ్ళయ్యేదాకా నవ్వుకున్నారు.

ఎవరినైనా ముట్టుకునే ముందు రెండు అరచేతులూ గబగబా రుద్దుకుని వెచ్చ చేసుకునేది. చలికాలమైనా, రోహిణి కార్తె అయినా అంతే. చల్లటి చెయ్యి తగిలితే కడుపులో బిడ్డ ఉలిక్కిపడుతుందనేది. చివరికి మాకు మొట్టికాయ వేసే ముందు కూడా చేతులు రుద్దుకునేది కాబట్టి, ఆ చప్పుడు వినగానే మేం పారిపోయేవాళ్ళం. కాఫీ ఎప్పుడూ నిలబడే తాగేది. కూర్చోమంటే "కూర్చుంటే ఎవరో పిలుస్తారమ్మా" అనేది, నిజంగానే ఎవరో ఒకరు గోడ అవతలి నుంచి పిలిచేవాళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అమ్మ ఒకసారి ధైర్యం చేసి అడిగితే, "పెళ్ళిచూపులకి కూర్చున్నప్పుడల్లా వీధిలో ఎవరికో నొప్పులొచ్చేవి" అంది. అది వేళాకోళమో నిజమో మాకు ఇప్పటికీ తెలియదు.

నా తమ్ముడు పుట్టింది క్రిస్మస్ రోజున. ఆమె కొత్త చీర కట్టుకుని, బైబిలు చంకన పెట్టుకుని చర్చికి బయలుదేరుతుండగా అమ్మకు నొప్పులు మొదలయ్యాయి. నాన్న ఆటో కోసం పరుగెత్తాడు. నాన్న ఆటోతో వచ్చేసరికి వీడు ఆమె చేతుల్లో కేర్‌మంటున్నాడు. "ఆ ఏడు నా ఆరాధన మీ వంటింటి పక్క గదిలో జరిగింది" అని చెప్పుకునేది. అప్పటి నుంచి ఆమె నోట వాడి పేరు 'క్రిస్మస్'. ఇంట్లో అందరం చిన్నా అని పిలుస్తుంటే ఆమె ఒక్కతే "ఏరా క్రిస్మస్" అని వీధి మొత్తానికీ వినిపించేలా పిలిచేది. పదేళ్ళ వయసులో వాడికి ఆ పిలుపంటే ప్రాణసంకటం.

నాన్న బస్సు డిపోలో మెకానిక్. తమ్ముణ్ణి బడిలో వేసేటప్పుడు పంతులుగారు వయసు కొంచెం తగ్గించి, ఆ క్రిస్మస్ తర్వాతి ఏడాది జూన్‌లో పుట్టినట్టు రాసుకున్నారు. "రేపు నౌకరీల పనికొస్తది" అని నాన్న కూడా సరేనన్నాడు. ఆ రోజుల్లో సగం బడి జూన్‌లోనే పుట్టింది.

వాడికి ఫుట్‌బాల్ ఎలా అంటుకుందో చెప్పలేను. మా వీధిలో అందరూ క్రికెట్టే ఆడేవారు. వీడు మాత్రం రోజూ బస్సెక్కి సికింద్రాబాద్‌లో ఒక మైదానానికి వెళ్ళేవాడు. అక్కడ పిల్లలకు ఆట నేర్పే కోచ్ సార్ వీడి ఎడమకాలు చూసి ముచ్చటపడ్డాడు. పదహారేళ్ళలోపు పిల్లల రాష్ట్ర జట్టులో చోటు వచ్చింది. తర్వాత ఒకరోజు, తొంభైల చివర్లో, దేశపు జట్టును ఎంచుకునే శిక్షణ శిబిరానికి పిలుపు వచ్చింది. ఆసియా దేశాల పిల్లల పోటీకి ముందు అర్హత పోటీలు ఉంటాయి. వాటిలో గెలిస్తే ఆసియా పోటీ, అక్కడా గెలిస్తే ప్రపంచ పోటీ. నాన్న డిపోలో అందరికీ మిఠాయి పంచాడు. డ్రైవర్లు వీడు అప్పుడే ప్రపంచం గెలిచి వచ్చినట్టు చేయి కలిపి పోయేవారు.

శిబిరానికి వెళ్ళాలంటే పాస్‌పోర్టు కావాలి. దానికి పుట్టినరోజు ధ్రువపత్రం కావాలి. ఇంట్లో పుట్టినవాడు కాబట్టి ఎక్కడా నమోదు కాలేదు. పురుడు పోసిన నర్సు తేదీ రాసి సంతకం పెడితే చాలన్నారు మున్సిపాలిటీవాళ్ళు.

ఆ సాయంత్రం నాన్న, కోచ్ సార్, తమ్ముడు సిస్టరమ్మ ఇంటికి వెళ్ళారు. నేను టీ గ్లాసులు పట్టుకుని వెనకాలే వెళ్ళాను.

"జర ఈ తారీఖు ఏసి సంతకం పెట్టు సిస్టరమ్మా. బడిల గూడ గిదే ఉన్నది" అన్నాడు నాన్న.

ఆమె కళ్ళద్దాలు తుడుచుకుని కాగితం చూసింది. "అన్నయ్యగారూ, ఇది బడివాళ్ళ తేదీ. వీడు పుట్టిన తేదీ కాదు కదండీ."

కోచ్ సార్ ముందుకు వంగాడు. "అమ్మా, జనవరి ఒకటి తర్వాత పుట్టినోళ్ళకే ఈ ఛాన్స్. మనోడు వారం ముందు పుట్టిండు, గంతే. వారంల ఏమైతది? ఇసొంటి ఎడమకాలు నాకు మల్ల దొరకదు."

"వారం ముందు పుట్టడం వీడి తప్పు కాదు బాబూ, నా తప్పూ కాదు. ఆగరా అంటే ఆగాడా?"

అందరం నవ్వాం. తమ్ముడు నవ్వలేదు. వాడి ముఖం చూసి ఆమె నవ్వు కూడా ఆగిపోయింది.

"అందరు చేస్తరమ్మా" అన్నాడు కోచ్ సార్ మెల్లగా.

"అందరి సంగతీ నాకు తెలీదండీ. అందరికీ నేను పురుడు పొయ్యలేదు."

"నీ చేతుల పుట్టిన బిడ్డనే గదా తల్లీ" అన్నాడు నాన్న. ఆయన గొంతు అలా బతిమాలడం నేను అంతకుముందెప్పుడూ వినలేదు.

"అందుకేనండీ" అంది ఆమె. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "ఒరేయ్, నీకంటే చిన్నవాడు ఎక్కడో ఒకడు ఉంటాడు. వాడూ నీలాగే బంతి తంతూ, పిలుపు కోసం చూస్తూ ఉంటాడు. నువ్వు వెళ్తే వాడు ఆగిపోతాడు. వాడి చోటు వాడికి వదిలెయ్. నీ చోటు నీకుంటుంది."

"నా చోటు ఏడుంది సిస్టరమ్మా?" అన్నాడు వాడు.

ఆమె సంతకం పెట్టకుండానే కాగితం మడిచి నాన్న చేతికి ఇచ్చింది. టీలు అలాగే చల్లారిపోయాయి.

ఆ తర్వాతి రోజులు మా రెండు వాటాల మధ్య గోడ నిజంగా గోడలాగే ఉంది. అమ్మ కూర గిన్నె అందించడం మానేసింది. నాన్న ఎదురుపడితే తల వంచుకుని సైకిల్ తొక్కుకుంటూ పోయేవాడు. తమ్ముడు బూట్లు విప్పి మంచం కింద పడేసి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మైదానానికి పోలేదు, కాలేజీకీ సరిగ్గా పోలేదు. సిస్టరమ్మ మాత్రం రోజూ డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు మా గుమ్మంలో ఒక్క క్షణం నిలబడి, "పిల్లాడు తిన్నాడా?" అని అడిగి వెళ్ళేది. అమ్మ జవాబు చెప్పినా చెప్పకపోయినా అడిగేది.

నేను ఒకరోజు ఆమె ఇంటికి వెళ్ళి కూర్చున్నాను. మీరు చేసింది సరైన పనే అని చెప్పి ఓదార్చాలనుకున్నాను. ఆమె నన్ను మాట్లాడనివ్వలేదు. "నిజం చెప్పానని నాకేం గొప్పగా లేదమ్మా. వాడి ముఖం గుర్తొచ్చి డ్యూటీలో సూదులు రెండోసారి లెక్కపెట్టుకుంటున్నాను" అంది. అంత పెద్ద మనిషి చిన్నపిల్లలా చెంగుతో ముక్కు తుడుచుకోవడం చూసి నేను లేచి ఆమెకు కాఫీ కలిపాను.

అప్పుడు మాదాపూర్‌లో బండలు పగలగొట్టి గుండ్రటి పెద్ద భవనం కడుతున్నారు. దాని చుట్టూ రోడ్లు వేస్తున్నారు, మట్టి చదును చేస్తున్నారు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కూలీలు గుడిసెలు వేసుకున్నారు. ఆ గుడిసెల్లో పిల్లలకు టీకాలు వేసే పని సిస్టరమ్మ మీద పడింది. ఒక పొద్దున ఆమె నేరుగా మా ఇంట్లోకి వచ్చి, తమ్ముడి దుప్పటి లాగేసింది.

"ఏడిస్తే ఏడువు గానీ, అన్నం తిని ఏడువు. తిన్నాక నాతో రా. టీకాల పెట్టె మొయ్యడానికి మనిషి లేడు."

"నేను రాను."

"రావద్దులే. ఆ పెట్టె నేనే మోసుకుంటాను, నడుం పట్టేస్తే మీ అమ్మే కాపడం పెడుతుంది."

అమ్మ లోపలి నుంచి, "పోరా, ముసలామెతోటి మోపిస్తవా" అని కసిరింది. అమ్మ ఆమెను ముసలామె అన్నందుకు సిస్టరమ్మ కోపం నటించింది. చాలా రోజుల తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న మొదటి మాటలు అవే.

ఆ రోజు మాదాపూర్‌లో ఏం జరిగిందో తమ్ముడు ఎన్నోసార్లు చెప్పాడు. తెల్లచీర కనబడగానే కూలీల పిల్లలు సూదికి భయపడి బండల వెనక్కి పారిపోయారట. ఆమె వాళ్ళ వెంట పరుగెత్తలేక ఆయాసపడుతూ, "ఒరేయ్, వాళ్ళ దగ్గర ఆ బంతి ఉంది చూడు. కాసేపు ఆడించు. ఒకచోట ఉంటే ఒక్కొక్కణ్ణీ పట్టుకుంటాను" అందట. అది గాలి సగం పోయిన రబ్బరు బంతి. వీడు విసుక్కుంటూ దాన్ని కాలితో ఎత్తాడు. మోకాలి మీద ఆడించాడు, తల మీద నిలబెట్టాడు. బండల వెనక నుంచి ఒక్కొక్క తలే బయటికి వచ్చింది. సూది వేయించుకున్నవాడికే బంతి తన్నే వంతు అని సిస్టరమ్మ అక్కడికక్కడే చట్టం చేసింది. మధ్యాహ్నానికి పెట్టె ఖాళీ అయింది. వీడు చెమటతో, ఎర్రమట్టితో ఇంటికి వచ్చి, ఎవరూ అడక్కుండానే అన్నం పెట్టించుకుని తిన్నాడు.

మర్నాడు మంచం కింద నుంచి బూట్లు తీశాడు.

అలా రోజూ పొద్దున ఇద్దరూ ఒకే బస్సులో పోవడం మొదలైంది. డ్యూటీ మొదలయ్యేలోపు, చదును చేసిన ఆ ఎర్రమట్టి నేల మీద వీడు సాధన చేసేవాడు. గోల్ ముందు నిలబడేందుకు ఎవరూ లేరు. పిల్లలేమో మరీ చిన్నవాళ్ళు. "నేను నిలబడతానులే" అంది సిస్టరమ్మ.

యాభై దాటిన మనిషి తెల్లచీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, రెండు సిమెంటు బస్తాల మధ్య నిలబడేది. ఆటలో ఆమెకు ఒక్క నియమమూ తెలియదు. బంతి ఎటు వస్తే అటు చేతులు చాపడం, తగిలితే తిట్టడం. ఒకసారి బంతి వచ్చి కడుపులో తగిలితే కూలబడిపోయి, "నర్సుని కొడతావురా, పాపిష్టోడా!" అని అరిచింది. వీడు భయపడి పరుగెత్తుకొస్తే, బంతి ఇంకా తన ఒళ్ళోనే ఉందని చూసుకుని, "గోల్ కాలేదు కదా?" అని అడిగింది. మట్టి తట్టలతో పోయే ఆడవాళ్ళు ఆగి చూసేవారు. బంతి చేతికి చిక్కితే ఆమె పట్టుకునే తీరు ఒకటుంది. ఒక అరచెయ్యి కింద పెట్టి, మరో చెయ్యి వెనక ఆనించి, మెడ నిలవని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకునేది. విసరడం రాదు. అలాగే నడుచుకుంటూ వచ్చి వాడి చేతికి ఇచ్చేది.

ఆ గుండ్రటి భవనం పూర్తయ్యాక అందులోనే నాకు మొదటి ఉద్యోగం దొరికింది. పొద్దుటి షిఫ్టు. కంప్యూటర్ ముందు కూర్చుంటే అద్దాల్లోంచి ఆ నేల కనబడేది. ఒకరోజు పక్క సీటు అమ్మాయి, "ఎవరే ఆమె? రోజూ వచ్చి దెబ్బలు తింటది" అంది. "మా ఇంటి గోల్‌కీపర్" అన్నాను. అలా అన్నప్పుడు నాకు కలిగిన గర్వం మొదటి జీతం అందుకున్నప్పుడు కూడా కలగలేదు.

ఒక ఆదివారం చర్చి కాగానే ఆమె ఒంటరిగా సికింద్రాబాద్ వెళ్ళి కోచ్ సార్‌ను వెంటబెట్టుకుని వచ్చింది. ఏం చెప్పి తెచ్చిందో ఇద్దరూ ఎప్పుడూ బయటపెట్టలేదు. ఆయన సిమెంటు బస్తా మీద కూర్చుని చాలాసేపు చూశాడు. లేస్తూ, "రాళ్ళ మీద ఆడి ఆడి కాలు రాయి లెక్క అయింది" అన్నాడు. తర్వాత సిస్టరమ్మ వైపు చూసి, "అమ్మా, పంతొమ్మిదేళ్ళలోపు జట్టుకు ట్రయల్స్ ఉన్నయి. గిప్పుడు ఏ తారీఖైనా సరిపోతది, నాకు ఫికర్ లేదు" అన్నాడు.

"నాకుందండీ. ఇరవై ఐదే రాస్తాను" అంది ఆమె.

అదే రాసింది. సంతకం పెట్టే ముందు చేతులు రుద్దుకుంది.

తమ్ముడు ఎంపికయ్యాడు. అర్హత పోటీలు ఒక ఎడారి దేశంలో. అవి టీవీలో రావు. పేపర్లో వస్తే ఆటల పేజీ అడుగున ఒక ముక్క వచ్చేది. వాడు ఫోన్ చేస్తానన్న సాయంత్రం మేమంతా వీధి చివరి ఎస్.టి.డి. బూత్ ముందు నిలబడ్డాం. నాన్న, సిస్టరమ్మ పక్కపక్కనే నిలబడ్డారు, కానీ నాన్న ఇంకా ఆమెతో నేరుగా మాట్లాడటం లేదు. ఏదైనా ఉంటే "సిస్టరమ్మకు చెప్పు" అని నాతో అనేవాడు.

ఫోన్ మోగగానే నాన్న రిసీవర్ తీసుకుని వెంటనే ఆమెకే ఇచ్చేశాడు. వాడి మాటలు మాకూ సన్నగా వినబడ్డాయి.

"ఓడిపోయినం సిస్టరమ్మా. ఇగ అయిపోయింది. వాపస్ వస్తున్నం."

"సరే. దెబ్బలేమన్నా తగిలాయా?"

"లేదు. రెండో సగంల నన్ను గ్రౌండ్‌లకు దింపిన్రు. నా పాస్ మీదనే మనోళ్ళు గోల్ కొట్టిన్రు. ఒక్కటే కొట్టినం."

"ఒకటంటే ఒకటే. తిన్నావా?"

"తిన్న. ఇంకోటి చెప్పాలె. ఆట ముందు పాస్‌పోర్టులు చూసే పెద్దమనిషి నా పుట్టినరోజు చూసి, క్రిస్మస్ అని నవ్విండు. నాతోటి చెయ్యి కలిపిండు. అవును, క్రిస్మస్ నాడే పుట్టిన అని చెప్పిన. చెప్తుంటే శాన మంచిగనిపించింది."

ఆమె రిసీవర్ అమ్మ చేతికిచ్చి, పక్కకు వెళ్ళి నిలబడింది.

వాడు తిరిగొచ్చిన రోజు నాన్న వాణ్ణి మా గుమ్మం ఎక్కనివ్వకుండా ముందు ఆమె గుమ్మానికి తీసుకుపోయాడు. "నీ మాటనే నిలవడ్డది తల్లీ" అన్నాడు.

"నా మాటేం లేదన్నయ్యగారూ. వాడి కాలు నిలబడింది" అంది ఆమె. తర్వాత తమ్ముడి తల నిమురుతూ, "ఈ జట్టులో కూడా నీకు చోటు రాకపోయుంటే, నేను మీ గుమ్మంలో ఏ ముఖం పెట్టుకుని నిలబడేదాన్నిరా? అన్ని రోజులూ అదే భయం" అంది. అంతకాలం మేం చూసిన ఆ ధీమా వెనక అంత భయం ఉందని ఆ రోజే తెలిసింది.

తమ్ముడికి మళ్ళీ దేశపు జట్టు పిలుపు రాలేదు. ఆటల కోటాలో ఒక చిన్న ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు మియాపూర్‌లో సాయంత్రాలు పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతాడు. వయసు తగ్గించిన కాగితాలు పట్టుకుని తల్లిదండ్రులు వస్తే కోప్పడడు. "పురుడు పోసింది ఎవరండీ? ఒక్కసారి మాట్లాడతాను" అంటాడు. చాలామంది నవ్వేసి అసలు తేదీ చెప్పేస్తారట. మాదాపూర్‌లో ఆ ఎర్రమట్టి నేల మీద ఇప్పుడు అద్దాల మేడలు ఉన్నాయి. రిటైరయ్యాక సిస్టరమ్మను ఒకసారి అటు తీసుకుపోయాను. తల ఎత్తి ఆ అంతస్తులన్నీ చూసి, "ఇన్ని గదులు కట్టారు, ఒక్క ప్రసూతి గది అయినా ఉందా?" అని అడిగింది.

ఫోన్ వచ్చిన రోజు సాయంత్రం మేం సమాధుల తోటకు చేరేసరికి తుంపర మొదలైంది. ప్రార్థన అయ్యాక పాస్టరుగారు, "రక్తసంబంధులు ముందుకు రండి" అన్నారు. చెల్లెలి కూతురు ముందుకు వచ్చింది. తర్వాత తమ్ముడు కదిలాడు. వాడి వెనక ఒక ఆటో డ్రైవరు, ఒక బ్యాంకు ఉద్యోగి, బురఖాలో ఒక తల్లి, ఆమె చెయ్యి పట్టుకున్న కూతురు. ఆపైన ఎవరూ ఎవరినీ చూసుకోకుండా అందరూ కదిలారు. పాస్టరుగారు పుస్తకం మూసి, వాళ్ళందరి మట్టీ పడేదాకా వానలోనే నిలబడ్డారు.

తమ్ముడి దగ్గర నేర్చుకునే పిల్లలు కూడా సాధన మధ్యలో ఆపి వచ్చారు. బట్టలు మార్చుకునే తీరిక లేక ఆట బూట్లతోనే వచ్చారు. వాళ్ళూ గుప్పెడు మట్టి వేసి వెళ్ళిపోయారు. అందరూ పోయాక నేను కాసేపు అక్కడే ఉన్నాను. సమాధి చుట్టూ తడి మట్టిలో ఆ బూట్ల అడుగు మేకులు దిగిన చిన్నచిన్న గుంటలు. ఒక్కొక్క దానిలోకి మెల్లగా వాన నీరు చేరుతోంది.